రంగు దిగిన మనుషులు

ఆస్పత్రి, మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం
జూన్ 4

బాబాయికి,

ఈ ఉదయం నర్సు నాన్న మంచానికి వేలాడే మూత్రం సంచి మార్చింది. కిటికీలోంచి ఎండ సరిగ్గా దాని మీద పడింది. నాన్న తల తిప్పి చూసి, "ఇది ఏ తొట్టిదే?" అని అడిగాడు. మందు మత్తులో ఇంకా రంగుల షెడ్డులోనే ఉన్నాననుకున్నాడు. నర్సు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఫోను చేయడం లేదు. యంత్రాల మోత నీ చెవుల్ని తినేసింది. నాకేమో ఫోనులో మాట పెగలదు. కాగితం మీద అయితే చెప్పాల్సింది చెప్పగలను.

నాన్నకి మూత్రాశయంలో క్యాన్సరు. లోపలి పొర దాటి కండరంలోకి దిగింది. నిన్న డాక్టరమ్మ అడిగింది, "రక్తం ఎన్నాళ్లుగా పడుతోంది?"

"రక్తం కాదండీ, రంగు. పద్నాలుగు నెలలుగా" అన్నాడు నాన్న.

"రంగేమిటి?"

"మాకు మామూలేనండీ. ఏ రంగు తొట్టిలో చేతులు పెడితే ఆ రంగే పోస్తాం."

"ఇది రంగేనని మీకెవరు చెప్పారు?"

"మా తమ్ముడు. రంగు మాస్టారు వాడు. వాడి కన్ను తప్పదు."

ఆమె పెన్నుకి మూత పెట్టి నాన్న వైపు కాదు, నా వైపు చూసింది. నాన్న ఆగలేదు. కొత్తగా చేరినవాడు వెనక గోడ దగ్గర మొదటిసారి నీలంగా పోస్తే అందరూ చప్పట్లు కొడతారని, "వీడికి రంగు దిగిందిరా" అని ఆ పూట వాడికి టీ పోయిస్తారని, తనకి చేరిన తొమ్మిదో రోజునే దిగిందని చెప్పాడు. గర్వంగా చెప్పాడు. నేను నేల వైపు చూస్తూ నిలబడ్డాను.

ఇప్పుడు నీ వల్ల కావాల్సినవి రెండు. మొదటిది, నువ్వూ, షెడ్డులో మిగిలిన పదిమందీ వచ్చి మూత్రం పరీక్షకి ఇవ్వాలి. ఇక్కడ రంగుల పనివాళ్ల మీద ఒక పరిశోధన నడుస్తోంది. క్యాన్సరు కణాలు మూత్రంలోకి రాల్చే ఆనవాళ్లని, రక్తం కంటికి కనపడక ముందే పట్టుకోవచ్చేమో అని చూస్తున్నారు. రెండోది, నీ నమూనాల పుస్తకం. ఏ పొడి ఏ ఏడాది వాడారో అందులో ఉంది కదా. కొన్ని పాత పొడులు ఒంట్లో చేరి మూత్రాశయం గోడని ఏళ్ల తరబడి కొరుకుతాయట. చాలాచోట్ల వాటిని ఎప్పుడో ఆపేశారట. జులై ముప్పయ్యొకటితో పేర్లు తీసుకోవడం ఆపేస్తారు.

నాన్న నిన్ను ఒక్క మాట అనలేదు. అందుకని నేను అంటున్నాను.

నీ మూగపిట్ట


రంగుల షెడ్డు, తూకాల గది
జూన్ 13

మూగపిట్టకి బాబాయి ఆశీస్సులు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి అన్నయ్య కోసం ఏడ్చాను. రెండోసారి నీ మీద కోపం వచ్చింది. మూడోసారి అక్షరదోషాల కోసం వెతికాను. ఒక్కటీ దొరకలేదు. ఆ కాన్వెంటు సిస్టర్లు నీకు గట్టిగానే నేర్పారు. నోట్లో నాలుక లేని పిల్లవి, కలంలో ఇన్ని నాలుకలు ఎక్కడ దాచావే?

అమ్మా, నేను డాక్టరునా? ముప్పై ఏళ్లుగా ఈ గోడ దగ్గర ఆకుపచ్చా పోశాం, నీలమూ పోశాం. బాయిలరు తాతకి డెబ్బై దాటాయి, రాయిలా ఉన్నాడు. అన్నయ్యకి వచ్చింది అన్నయ్య రాత. నా నోటి మాటతో వచ్చిందా?

మనవాళ్లకి చెప్పాను. పొట్టోడు ఏమన్నాడో తెలుసా? "సీసాలో పోసి అంత దూరం మోసుకెళ్లాలా మాస్టారూ? ఏ రంగులో కావాలో ఆర్డరు రాసివ్వమనండి, కలిపి పంపిద్దాం" అన్నాడు. షెడ్డంతా ఒకటే నవ్వు. బాయిలరు తాత, "నాది శాంపిలుకే ఇస్తా, టోకున ఇవ్వను" అన్నాడు. వీళ్లని నేనెలా తీసుకురాను? ఒకరోజు షెడ్డు మూస్తే తొట్టిలో ఉన్న నూలంతా పాడైపోతుంది.

ఇక పుస్తకం సంగతి. అది ఇవ్వను. పేజీకొక పోగు కట్టి, పక్కన నా చేత్తో పాళ్లు రాసుకున్నాను. పక్క షెడ్డువాళ్లు దానికోసం కాచుకుని ఉన్నారు. ఆస్పత్రిలో ఎవరి చేతికి వెళ్తుందో నీకేం తెలుసు?

అన్నయ్యకి చెప్పు. ఆయన లేక ఎర్ర తొట్టి ఆగిపోయింది. ఇంకొకరి చెయ్యి దానికి పడటం లేదు.

బాబాయి


ఆస్పత్రి, వరండా బల్ల
జూన్ 19

రంగు మాస్టారు గారికి,

మీ ఉత్తరం అందింది. జోకులు కూడా అందాయి. నాన్నకి చదివి వినిపిస్తే నవ్వాడు. నవ్వితే గొట్టం దగ్గర నొప్పి. అయినా నవ్వాడు.

ఆయన వైద్యం గురించి మీరు ఒక్క ముక్కా అడగలేదు. నేనే చెబుతాను. ఇలాంటి క్యాన్సరుకి మూత్రాశయం తీసేయాలి. తీసేముందు వాడే పాత మందు చాలా ఘాటైనది, మూత్రపిండాలు బాగున్నవాళ్లకే పడుతుంది. నాన్నవి బాగాలేవు. ఇదివరకు ఇలాంటివాళ్లని నేరుగా కోతకే పంపేవారట. ఈ మధ్య రెండు మందుల జంట వచ్చింది. ఒకటి, క్యాన్సరుని చూసీ చూడనట్టు ఊరుకునే మన ఒంటి కాపలాని తట్టి లేపుతుంది. రెండోది విషాన్ని వీపున కట్టుకుని వెళ్లి క్యాన్సరు కణం గుమ్మంలో దింపుతుంది. కోతకి ముందు కొన్ని విడతలు, తర్వాత కొన్ని. బతికే అవకాశం పెరుగుతుందని పరిశోధనల్లో తేలిందట. అందరికీ పనిచేస్తుందని ఎవరూ చెప్పరు. డాక్టరమ్మ ఇచ్చిన కాగితాలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదువుతున్నాను. వచ్చే వారం మొదలుపెడతారు. కోత తర్వాత నాన్న పొట్ట మీద జీవితాంతం ఒక సంచి ఉంటుంది. "ఇన్నాళ్లూ నూలు బస్తాలు మోశాను, ఇదెంత" అన్నాడు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పక్క మంచంలో ఒక లారీ డ్రైవరు తాత ఉన్నాడు. మూత్రం సన్నబడిన వారమే ఆస్పత్రికి వచ్చాడట. పరీక్షల్లో ప్రోస్టేటు గ్రంథిలో చిన్న క్యాన్సరు బయటపడింది. ముందు స్కాను తీసి, అనుమానం ఉన్నచోట సూదితో ముక్క తీసి పరీక్షించారు. మందకొడి రకం, ఇప్పుడే కోయనక్కర్లేదు, రక్తపరీక్షలూ స్కానులూ చేస్తూ కనిపెట్టుకుని ఉంటాం అన్నారు. "నా లారీకి కూడా ఇంతమంది మెకానిక్కులు లేరమ్మా" అంటాడు. మూత్రం దారిలో అడ్డు తీయించుకుని ఎల్లుండి ఇంటికి వెళ్తున్నాడు. ఆయన అదృష్టం ఏమిటంటే, ఆయనకి రంగు మాస్టారు తమ్ముడు లేడు.

నేను డాక్టరునా అని అడిగారు. కాదు. కానీ ఒకసారి అమ్మిన బండెడు నూలు మీరే వెనక్కి తెప్పించారు, ఎరుపు అర ఛాయ తగ్గిందని. కొన్నవాళ్లకి కనపడలేదు, యజమానికి కనపడలేదు, ఎండలో పెట్టినా ఎవరికీ కనపడలేదు. మీకు కనపడింది. అలాంటి కంటికి రంగుకీ రక్తానికీ తేడా తెలియలేదంటే నేను నమ్మను.

ఇంకొకటి. నిన్న నాన్నని అడిగాను, మొదటిసారి ఎప్పుడు చూపించావు అని. పోయిన ఏడాది ఏప్రిల్లో, హోటలు దుప్పట్ల ఆర్డరు నడుస్తున్నప్పుడు అన్నాడు. ఆ ఆర్డరు నాకూ గుర్తుంది. మూడు వారాలు నాన్న చేతులు మోచేతుల దాకా నీలంగా ఉన్నాయి. షెడ్డులో అన్ని తొట్లూ నీలమే.

ఎరుపు ఏ తొట్టిలోంచి వచ్చింది మాస్టారూ?

ఇట్లు
మీ అన్నగారి కూతురు


ఇల్లు, వంటగది బల్ల
జులై 1

అమ్మా,

నన్ను మీరు అన్నావు. చెప్పు తీసుకుని కొట్టినా ఇంతకన్నా బాగుండేది. మీ పిన్ని ఉత్తరం చదివి నా ముందు పెట్టి వెళ్లింది. రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఆరోజు అన్నయ్య గోడ దగ్గరికి పిలిచి చూపించాడు. చూశాను. మన దగ్గర ఏ ఎరుపూ అలా ఉండదు. అందులో కొంచెం గోధుమ ఛాయ ఉంది. చూసిన క్షణమే తెలిసింది. "రంగేలే అన్నయ్యా, పాతది ఒంట్లో మిగిలుంటుంది" అన్నాను. ఆయన సరే అని వెళ్లి తొట్టి కలిపాడు.

ఎందుకన్నానో చెబుతాను. ఆరేళ్ల కిందట యజమాని పాత ఎర్ర పొడి ఆపేయమన్నాడు, మంచిది కాదట, పైనుంచి కాగితం వచ్చింది అన్నాడు. కొత్త పొడి తెప్పించాడు. ఎన్ని పాళ్లు మార్చినా ఇటుకరాయిలా వచ్చేది. మన షెడ్డు పేరే ఆ ఎరుపు మీద నిలబడింది. పాతవి రెండు డబ్బాలు దాచాను. యజమానికి తెలియదు. కొత్తదాంట్లో కొంచెం కలిపేవాళ్లం. పుస్తకంలో పాళ్లు రాసుకున్నాను, రాయకుండా ఉండలేను. డబ్బా మూత తీసేది అన్నయ్యే. ఇంకెవరి చేతినీ నేను నమ్మలేదు.

ఆయన డాక్టరు దగ్గరికి వెళ్తే ఏ పొడి అని అడుగుతారు. అది భయం.

ఇంకొకటి ఉంది. మూడేళ్ల కిందట నాకూ పడింది. నాలుగు రోజులు. నొప్పి లేదు. దానంతట అదే ఆగిపోయింది. మీ పిన్నికి కూడా చెప్పలేదు. నాకు ఆగింది కదా, ఆయనకీ ఆగుతుంది అనుకున్నాను. ఆగింది కూడా. మళ్లీ వచ్చింది.

పుస్తకం ఇస్తే నేను అయిపోతాను. తగలబెడదామని నిన్న పొయ్యి ముందు కూర్చున్నాను. ఎర్ర పేజీ దాకా తిప్పి, మూసేశాను. పరీక్షకి నేను రాను. నాలో ఏముందో తెలుసుకునే ధైర్యం నాకు లేదు.

నన్నేం చేయమంటావో నువ్వే చెప్పు.

బాబాయి


ఆస్పత్రి, మూడో అంతస్తు
జులై 6

బాబాయ్,

చెప్పను. నలభై తొమ్మిదేళ్ల మనిషికి ఇరవై నాలుగేళ్ల పిల్ల చెప్పాలా?

నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను. ఒక్క వాక్యం కూడా దాచలేదు. నీ మీద అరుస్తాడనుకున్నాను. అరవాలనే చదివాను. "నాకు తెలుసే. మూత తీసేది నేనే కదా, డబ్బా మీద పేరు చదువుకోలేనా?" అన్నాడు. "కొత్త పొడితో ఆ ఎరుపు రాదు" అన్నాడు.

మీ ఇద్దరికీ ఎరుపు కావాలి. పక్కన నిలబడ్డ పదిమందికీ ఏం కావాలో మీరు అడగలేదు. ఆ పొడి ఎగిరిన గాలే వాళ్లూ పీల్చారు. పొట్టోడికి ఏం తెలుసు? ఆ నవ్వే నోటికి తెలుసా? మిమ్మల్నిద్దర్నీ ఒకే గదిలో పెట్టి తాళం వేయాలనిపిస్తోంది. పొద్దున నేను మళ్లీ పనికి ఎప్పుడొస్తానో అడగడానికి కాన్వెంటు లైబ్రరీ నుంచి సిస్టరు ఫోను చేసి, నీ గొంతు ఇంత పెద్దదా అని అడిగింది. నేను అప్పటిదాకా నాన్న మీద అరుస్తున్నాను.

చివరికి నాన్న అన్నది ఇది: "ఆ డబ్బాలు పడమటి గోడ వెనక ఉన్నాయి. మూత సరిగ్గా పెట్టాడో లేదో రాసి అడుగు. ఎవరైనా ముట్టుకుంటారు."

రాసి అడుగుతున్నాను.

గడువు ముప్పయ్యొకటి.


రంగుల షెడ్డు, బయటి అరుగు
జులై 25

అమ్మా,

మూతలు సరిగ్గానే ఉన్నాయని చెప్పు. ఇప్పుడవి ఇక్కడ లేవు. తనిఖీ అధికారులు వచ్చి సీలు వేసి పట్టుకెళ్లారు. నేనే కబురు చేశాను. యజమాని షెడ్డుకి తాళం వేశాడు. అందుకే అరుగు మీద కూర్చుని రాస్తున్నాను.

తాళం పడకముందే మనవాళ్లందర్నీ నిలబెట్టి చెప్పాను. డబ్బాల సంగతి, అన్నయ్యకి చెప్పిన అబద్ధం, నాకు పడిన సంగతి, అన్నీ. చెప్పడం అయ్యాక బాయిలరు తాత దగ్గరికి వచ్చి చెంప మీద కొట్టాడు. ఆ వయసులో అంత బలం ఉందనుకోలేదు. మిగతావాళ్లు కొట్టలేదు. నా వైపు చూడకుండా లోపలికి వెళ్లి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టారు. ఎంతసేపు కడిగారో. పొట్టోడు సబ్బు మీద సబ్బు అరగదీశాడు. ఆ రంగు పోదని వాడికీ తెలుసు.

సోమవారం పదకొండు మందిమీ వస్తున్నాం. పుస్తకం నా సంచిలో ఉంది. అన్నయ్య మంచం దగ్గరికి రాను. నువ్వు కింద గేటు దగ్గర నిలబడి తీసుకుంటే చాలు.

బాబాయి


ఇల్లు, ముందు గది
అక్టోబరు 9

బాబాయ్,

ఆగస్టులో నీకు చిన్న ఆపరేషను అయ్యాక నువ్వు ఇంటికి వెళ్లిపోయావు. నేను చూడటానికి రాలేదు. గేటు దగ్గర పుస్తకం తీసుకున్నప్పుడు కూడా నీతో మాట్లాడలేదు. మాట్లాడితే ఏమంటానో నాకే తెలియక.

ఈరోజు డాక్టరమ్మ అన్నీ వివరంగా చెప్పింది. మీ పదకొండు మందిలో ఇద్దరి మూత్రంలో ఆనవాళ్లు దొరికాయి. ఒకటి నీది. కెమెరా పెట్టి చూస్తే నీ దాంట్లో చిన్న మొలక, లోపలి పొరలోనే ఉంది, గీకేశారు. ఇక నీ మూత్రాశయంలోకి వారానికోసారి మందు ఎక్కిస్తారు. క్షయ టీకాలో వాడే బలహీనపరిచిన క్రిమి అది. అక్కడి కాపలాని రెచ్చగొడుతుంది. ఎక్కించాక కాసేపు అటూ ఇటూ దొర్లి పడుకోవాలి. ఇదివరకు అది పనిచేయకపోతే చాలామందికి తీసేయడమే దారి. ఇప్పుడు మూత్రాశయంలోనే ఉండి మూడు వారాలు మందు వదిలే చిన్న గొట్టం లాంటివి కూడా వచ్చాయట. కాబట్టి నీది నీ దగ్గరే ఉండొచ్చు. మానకుండా వెళ్లు. మానేస్తే పిన్నికి రాస్తాను.

రెండోది పొట్టోడిది. కెమెరాలో ఇంకా ఏమీ కనపడలేదు. కనపడలేదంటే లేదని కాదు, మూడు నెలలకోసారి చూస్తారు. వాడు డాక్టరమ్మతో, "నా దాంట్లో ఏముందో నాకన్నా ముందు మీకెలా తెలిసిందండీ?" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. మిగతా తొమ్మిది మందినీ ఏటా రమ్మన్నారు. పరీక్షలో రాకపోయినంత మాత్రాన నిశ్చింతగా ఉండొద్దని, ఎర్రగా కనిపిస్తే ఆరోజే రమ్మని చెప్పింది.

ఆరేళ్ల పొడి వల్లే నాన్నకి వచ్చిందా అని అడిగాను. ఔననాలని అడిగాను. ముప్పై ఏళ్ల పొడి ఉంది, ఏ చిటికె వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు అంది. "కానీ ఆలస్యం మాత్రం చెప్పగలం. పద్నాలుగు నెలలు ముందు వచ్చుంటే బహుశా పొరలోనే దొరికేది, మీ బాబాయికిలా" అంది. నీకు తెలియాలని రాస్తున్నాను.

నాన్నకి మూత్రాశయం తీసేసి ఇరవై రోజులైంది. తీసినదాన్ని పరీక్షిస్తే అందులో క్యాన్సరు మిగల్లేదు. మందులే తినేశాయి. అది విని నాన్న నా జీవితంలో మొదటిసారి ఒక డాక్టరు మీద అరిచాడు. "ఏమీ లేనిదాన్ని ఎందుకు కోశారు?" అన్నాడు. కోయకుండా లేదని నమ్మకంగా తెలుసుకునే దారి ఇంకా లేదు, దాని మీదే పరిశోధనలు నడుస్తున్నాయి అంది ఆమె. "నాలుగేళ్లు ఆలస్యంగా పుట్టాల్సింది" అన్నాడు. ఆయన తిట్లన్నీ ఆమె నిలబడి వింది. నాకు ఆమె మీద ఇష్టం కలిగింది.

మందు వల్ల నాన్న వేళ్ల కొసలు మొద్దుబారాయి. నిన్న దారం పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలియలేదు. తీసి కింద పెట్టేశాడు. ఇంకా కొన్ని విడతలు మందు ఉంది.

ఆదివారం నిన్ను రమ్మంటున్నాడు. అన్నదమ్ములు మీరు, ఏం మాట్లాడుకుంటారో మాట్లాడుకోండి. నేను పిలవడం లేదు. కానీ వస్తే తలుపు తీస్తాను. నీ మీద నా కోపం పోలేదు. పుస్తకం తెచ్చావు కదా, పదిమందిని తెచ్చావు కదా అని నన్ను నేను సముదాయించుకుని చూశాను. పోలేదు. నీ మాట తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. "రంగేలే అన్నయ్యా." ఎంత తేలిగ్గా అన్నావు.

రెండు రోజులుగా ఈ ఉత్తరం ఇక్కడ ఆపి ఉంచాను. ఇందాక డాక్టరమ్మకి ఒక చీటీ రాశాను, నాన్న ఫైల్లో ఒక తేదీ దిద్దమని. నీకూ రాయాలి.

అమ్మ పోయినప్పటినుంచీ ఇంట్లో బాత్రూం కడిగేది నేనే. పద్నాలుగు నెలలన్నది తప్పు. నేను ఆ ఎరుపు మొదట చూసింది దానికి ఆరు నెలల ముందు, ఒక శనివారం పొద్దున. రెండు చెంబుల నీళ్లు పోసి, తలుపు దగ్గరగా వేసి, లైబ్రరీకి వెళ్లిపోయాను.